విశాఖ రేవు, నారద ప్రపాతం, ఒక మంచుకొండ



ఈ టపాకు మూలం మా ఇంటావిడ కోరిక. ఆమెకు చిన్ననాటినుండీ మంచు చూడాలని ఉండేది. శీతాకాలపు పొగమంచు కాదు, చేత్తో పట్టుకుంటే కరిగే అసలైన మంచు. పాఠశాలలో నేను ముప్ఫయ్యేళ్లు పిల్లలకు హిమాలయ వర్ణనల పద్యాలు చెప్పాను. ఇంట్లో మాత్రం ప్రతి సంవత్సరమూ "వచ్చే వేసవికి బదరీనాథ్ తీసుకువెళతాను" అని చెబుతూ వచ్చాను. తీరా 2013 జూన్ ఆఖరివారానికి టికెట్లు కొన్నాము. ఆ నెల 16, 17 తేదీలలో కేదారనాథంలో జరిగిన జలప్రళయం సంగతి మీకందరికీ తెలిసినదే. మా ప్రయాణం ఆగింది, అంతే. వెళ్లినవారిలో తిరిగిరానివారు వేలమంది. ఆ తరువాత ఆమె మోకాళ్లు మొరాయించాయి. "ఇక ఈ జన్మకు ఫోటోలే" అని ఆమె నవ్వుతూనే అన్నది గాని, ఆ నవ్వు నాకు గుచ్చుకున్నది.

2024 వేసవిలో సియాటిల్ దాపున ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాము. ఆ ఊరికి ఆగ్నేయదిక్కున, నేలమీదినుండి లేచినట్టు గాక ఆకాశంలోనుండి వేలాడదీసినట్టు, ఒక తెల్లని కొండ కనబడుతుంది. పేరు మౌంట్ రెయినియర్. ఎత్తు 14,410 అడుగులు. అగ్నిపర్వతం, ప్రస్తుతం నిద్రిస్తున్నది. మబ్బు పట్టిన రోజులలో దాని జాడే ఉండదు. తెరిపి ఇచ్చిననాడు అక్కడివారు ఒకరికొకరు "ఈరోజు కొండ బయటికి వచ్చింది" అని శుభవార్తలా చెప్పుకుంటారు. జూలై ఎండలో, చొక్కా తడిసే ఉక్కలో, ఆ తెలుపును చూస్తూ మా ఆవిడ, "ఏవండీ, అక్కడికి కారు పోతుందా?" అని అడిగింది.

పోతుంది. అదే ఈ కొండ విశేషం. దక్షిణపు వాలులో 5,400 అడుగుల ఎత్తున పారడైజ్ అనే చోటుంది, తెలుగులో చెప్పాలంటే స్వర్గం. అక్కడిదాకా చక్కని రోడ్డున్నది. జూలై మొదటి వారంలో కూడా కారు దిగిన నాలుగడుగులకే మంచు ఉంటుందని మా కోడలు ఆరా తీసింది. ఇక ఇంట్లో ఆలోచనలు మొదలు. ఇంటినుండి సుమారు 110 మైళ్లు, రెండున్నర గంటల ప్రయాణం. ఆ వేసవిలో కొత్తగా ఒక నిబంధన పెట్టారు: ఉదయం 7 నుండి మధ్యాహ్నం 3 వరకు ఆ దారిన లోపలికి వెళ్లే కారుకు ముందే సమయం రాయించుకోవాలి. సెలవురోజులకు అవి ఎప్పుడో అయిపోయాయి. ఏడు గంటలకు ముందే ద్వారం దాటితే ఆ చీటీ అక్కరలేదు. కనుక తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరడమా, సెలవు పెట్టుకుని మరొక రోజున వెళ్లడమా అన్నది చర్చ. అబ్బాయిది మొదటి పక్షం, నిద్రప్రియుడైన మనవడిది రెండవ పక్షం.

ఆ చర్చ మధ్యలో మనవడు, "తాతయ్యా, రెయినియర్ ఎవరు? కొండ మొదట ఎక్కినాయనా?" అని అడిగాడు. "కాదురా, అక్కడ వాన ఎక్కువ, అందుకని" అని మా అబ్బాయి హాస్యమాడాడు. నాకు మాత్రం జవాబు తెలియలేదు. ఉపాధ్యాయుడికి తెలియని ప్రశ్న దురద వంటిది. మరునాడే వాళ్ల ఊరి గ్రంథాలయానికి పోయి కూర్చున్నాను. అక్కడ దొరికినది చదివి నిర్ఘాంతపోయాను. ఆ పేరుగలవాడు ఈ కొండను ఎక్కలేదు సరికదా, కంటితో కూడా చూడలేదు. అతడు బ్రతుకులో మంచి భాగం గడిపినది మన బంగాళాఖాతంలో, మన చెన్నపట్నంలో!

1792 మే నెలలో జార్జి వాంకూవర్ అనే ఆంగ్ల నావికుడు ఆ తీరాన్ని కొలుస్తూ పోతున్నాడు. కనబడిన ప్రతి కొండకూ, కొనకూ, పాయకూ తనకు తెలిసినవారి పేర్లు పెట్టడం అతని అలవాటు. ఈ మహాపర్వతానికి పీటర్ రెయినియర్ అనే మిత్రుని పేరు పెట్టాడు. అప్పటికి రెయినియర్ ఒక ఓడ కెప్టెన్ మాత్రమే, 1795లో గాని రియర్ అడ్మిరల్ కాలేదు. వాంకూవర్ యాత్రాగ్రంథం 1798లో అచ్చయ్యేనాటికి పదవి పెరిగింది కనుక, అందులో ఆ హోదాతోనే పేర్కొన్నారు.

ఈ రెయినియర్ మనకు పరాయివాడు కాడు, కావలసినవాడూ కాడు. 1782-83లో ఫ్రెంచి సేనాని సఫ్రెన్‌కు, ఆంగ్ల సేనాని ఎడ్వర్డ్ హ్యూస్‌కు మన తూర్పుతీరాన, సింహళం దాపున ఐదు నౌకాయుద్ధాలు జరిగాయి. వాటిలో 'బర్ఫర్డ్' అనే ఓడకు నాయకుడితడు. 1794నుండి 1805వరకు తూర్పు సముద్రాలలోని ఆంగ్ల నౌకాదళానికంతటికీ అధిపతి, మదరాసు అతని ముఖ్యస్థావరం. 1795లో సింహళంలోని తిరుకోణమలైని, మరుసటి ఏడు జాజికాయ, లవంగాల ద్వీపాలైన అంబాయినా, బాందాలను డచ్చివారినుండి గుంజుకున్నాడు. దోపిడీ సొమ్ములో సేనానులకు వాటా ఉండే రోజులవి. అపారమైన ధనంతో స్వదేశం చేరి, 1808లో చనిపోతూ తన ఆస్తిలో పదవవంతు ఇంగ్లండు జాతీయఋణం తగ్గించడానికి రాసిపోయాడు. సొమ్ము ఎక్కడిది, ఋణం ఎవరిది అని అడగడానికి మనం అప్పట్లో లేము.

ఇక నన్ను కుర్చీలోనుండి లేపిన సంగతి. నేను ఉద్యోగం చేసినది విశాఖ జిల్లాలో. ఆ సముద్రపుటొడ్డున ఎన్ని సాయంకాలాలు నడిచానో లెక్కలేదు. 1804 సెప్టెంబరు 15న ఆ రేవు ముందరే రెయినియర్ దళంలోని 'సెంచూరియన్' అనే యాభై ఫిరంగుల ఓడ లంగరు వేసుకుని ఉన్నది. సరుకు ఎత్తుకోవడానికి వచ్చిన 'బార్నబీ', 'ప్రిన్సెస్ షార్లొట్' అనే రెండు వర్తకనౌకలకు అది కావలి. సెంచూరియన్ అసలు కెప్టెన్ రెయినియర్‌గారి బంధువే, అస్వస్థుడై ఉన్నందున జేమ్స్ లిండ్ అనే అతడు ఆ పని చూస్తున్నాడు. ఫ్రెంచి సేనాని లినోయ్ మూడు యుద్ధనౌకలతో వచ్చిపడ్డాడు. అప్పుడు లిండ్ ఓడమీద లేడు, ఒడ్డున ఉన్నాడు! కిందిస్థాయి అధికారి యుద్ధం నడిపిస్తుండగా, గుండ్ల మధ్య పడవ వేసుకుని పోయి ఓడ ఎక్కాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకువచ్చి కెరటాలలో పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లొట్‌ను ఫ్రెంచివారు పట్టుకుపోయారు. సెంచూరియన్ తూట్లుపడి కూడా మునగలేదు. ఆనాడు మన విశాఖ జనం గట్టుమీద నిలబడి ఈ పొగను చూసే ఉంటారు. తమ రేవులో కొట్లాడుతున్న ఓడల అధిపతి పేరు భూగోళానికి ఆవలివైపున ఒక మంచుకొండకు అంటుకుని ఉన్నదని వారికెలా తెలుస్తుంది?

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, మన్నించాలి. రెయినియర్ మదరాసు కేంద్రంగా అధికారం నెరపుతున్న రోజులలోనే, 1802లో, విలియం లాంబ్టన్ అక్కడి పరంగిమల దగ్గర గొలుసు పరచి నేలకొలత ఆరంభించాడు. దక్షిణాన మొదలైన ఆ కొలతే పెరిగి పెరిగి హిమాలయాలదాకా పోయింది. 1818లో హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడుగా చేరినవాడు జార్జి ఎవరెస్ట్. ఆ శిఖరానికి అతని పేరు 1865లో స్థిరపడింది. ఈ దేశస్థుల నోరు తన పేరు పలకదని ఎవరెస్టే అభ్యంతరం చెప్పినా ఎవరూ వినలేదు. ఆసియాలో ఒకటి, అమెరికాలో ఒకటి, రెండు మంచుకొండల పేర్లకూ మన చెన్నపట్నం గడప తగులుతున్నదన్నమాట.

మరి వాంకూవర్ రాకముందు ఆ కొండకు పేరు లేదా? పేరు లేని కొండ ఎక్కడుంటుంది! దాని నీడలో వేలయేళ్లుగా బ్రతికిన నిస్క్వాలీ, ప్యుయాలప్ మొదలైన జాతులవారు తహోమా, తకోమా అని ఉచ్చారణ భేదాలతో పిలిచేవారు. అర్థం విషయంలో పలుమాటలున్నాయి, నీళ్లకు తల్లి అన్నది వాటిలో ఒకటి. ఆ కొండ హిమనదులే అక్కడి ఏరులన్నిటికీ పుట్టుక కాబట్టి ఈ అర్థం నాకు నచ్చింది. మన హిమవంతుని కూతుళ్లే కదా గంగాదులు.

ఆ తల్లిపేరును అచ్చులో నిలబెట్టినవాడు ఒక విచిత్రమైన వ్యక్తి. 1870 ఆగస్టు 17న హజార్డ్ స్టీవెన్స్, వాన్ ట్రంప్ అనే ఇద్దరు ఆ శిఖరాన్ని చేరారు. రాతలో నమోదైన తొలి ఆరోహణ అదే. దారి చూపినవాడు స్లుయిస్కిన్ అనే ఆదివాసి. పైన నిప్పుసరస్సు ఉందనీ, అందులో భూతం ఉందనీ, పోతే తిరిగిరారనీ అతడు బ్రతిమాలాడట. తెల్లవారు నవ్వుకున్నారు. తీరా శిఖరం చేరేసరికి పొద్దుగూకింది, చలి చంపుతున్నది. అగ్నిబిలం అంచున భూగర్భంనుండి వేడి ఆవిర్లు చిమ్మే మంచుగుహ ఒకటి కనబడితే అందులో రాత్రి గడిపి ప్రాణాలు దక్కించుకున్నారు. స్లుయిస్కిన్ చెప్పిన నిప్పు పూర్తిగా అబద్ధం కాదన్నమాట! స్టీవెన్స్ ఆ కథను 1876లో ఒక ప్రసిద్ధ మాసపత్రికలో 'తకోమా ఆరోహణం' అనే అర్థం వచ్చే శీర్షికతో రాశాడు. రెయినియర్ అనలేదు.

ఈ హజార్డ్ ఎవరి కొడుకు? వాషింగ్టన్ ప్రాంతానికి తొలి గవర్నరైన ఐజక్ స్టీవెన్స్ కొడుకు. 1854 డిసెంబరు 26న మెడిసిన్ క్రీక్ దగ్గర నిస్క్వాలీ, ప్యుయాలప్ మొదలైనవారిచేత ఒడంబడిక మీద గుర్తులు వేయించి, వారి నేలను దాదాపుగా అంతా రాయించుకున్నవాడాయన. నిస్క్వాలీ నాయకుడు లెస్చి దానికి తలవంచలేదు. పోరాటం జరిగింది, లెస్చి దొరికాడు. ఒక సైనికుని చంపాడన్న నేరం మోపారు. మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, రెండవసారి ఉరిశిక్ష వేశారు. 1858 ఫిబ్రవరి 19న అమలు చేశారు. యుద్ధంలో జరిగినది హత్యానేరం కాదనీ, లెస్చి నిర్దోషి అనీ 2004లో ఒక ప్రత్యేక చారిత్రక న్యాయస్థానం తేల్చింది. నూట నలభై ఆరేళ్లు పట్టింది. మేము వెళ్లబోయే రోడ్డు ఆ నిస్క్వాలీ నది గట్టునే పోతుంది. ఈ సంగతి మనవడికి చెప్పాలా వద్దా అని ఒక పూట ఆలోచించి, చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఆ కొండను మనం ఏమని పిలవాలి?" అన్నాడు.

అదే ప్రశ్న మీద ఆ దేశంలో యాభై యేళ్లు జగడం జరిగింది. అయితే అది ఆదివాసులకోసం కాదు, రెండు ఊళ్ల పంతంకోసం. సియాటిల్ ఒకవైపు, టకోమా పట్టణం మరొకవైపు. టకోమాలో తన రైలుమార్గాన్ని ముగించిన నార్తర్న్ పసిఫిక్ కంపెనీ 1883లో తన ప్రచురణలలో కొండను మౌంట్ టకోమా అని రాయసాగింది. కొండ పేరూ ఊరి పేరూ ఒకటైతే టికెట్లు అమ్ముడుపోతాయి కదా. 1890లో భౌగోళిక నామాల మండలి రెయినియర్ పక్షాన తీర్పు చెప్పింది, 1917లో మళ్లీ అదే చెప్పింది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధంలో తమకు ఎదురు నిలిచి పోరాడినవాని పేరు తమ కొండకెందుకని టకోమావారు వాదించారు. ఆ మాట నిజమే, రెయినియర్ 1778లో అమెరికన్ల ఓడనొకదాన్ని పట్టుకుని ఆ పోరులో గాయపడ్డాడు కూడా. 1924లో పేరు మార్పు తీర్మానం సెనేటులో నెగ్గింది, ప్రతినిధుల సభలో ఆగిపోయింది. ఇటీవలి సంవత్సరాలలో మాత్రం ప్యుయాలప్ జాతివారే ఆ పాతపేరు అడుగుతున్నారు. 1899 మార్చి 2న ఈ కొండను జాతీయ ఉద్యానంగా ప్రకటించే చట్టంపై సంతకం చేసినవాడు అధ్యక్షుడు మెకిన్లీ. అలాస్కాలో ఆయన పేరుగల కొండకు 2015లో దెనాలి అన్న దేశిపేరు తిరిగి పెట్టారు. 2025 జనవరిలో అధ్యక్షుడు మారగానే మళ్లీ మెకిన్లీ చేశారు. కొండలు కదలవు గాని వాటి పేర్లు స్థిరంగా ఉండవు.

ఉద్యానపు తొలినాళ్ల కథలలో నాకు ప్రియమైనవి రెండు. జేమ్స్ లాంగ్‌మైర్ అనే రైతు 1883లో, అరవై మూడవ ఏట, శిఖరం ఎక్కి దిగుతూ ఖనిజజలపు ఊటలు కనిపెట్టి, అక్కడే విడిది కట్టాడు. ఈ వయసు సంగతి నేను చదివి వినిపిస్తుంటే మా ఆవిడ నన్ను పైనుండి కిందిదాకా ఒకసారి చూసి ఊరుకున్నది. రెండవది ఫే ఫుల్లర్ కథ. ఆమె మా వృత్తిదే, యెల్మ్ అనే పల్లెలో బడిపంతులమ్మ. 1890 ఆగస్టులో, ఇరవయ్యేళ్ల వయసులో, ఆ శిఖరం చేరిన తొలి స్త్రీ అయింది. ఆడవారికి కొండబూట్లు అమ్మని కాలం గనుక మగపిల్లల బూట్లు తొడుక్కుని, పార కర్రతో ఊతకర్ర చేయించుకుని, మోకాళ్ల కిందికి వచ్చే నీలపు ఉన్ని దుస్తులలో ఎక్కిందట. ఆ దుస్తులను చూసి ముక్కున వేలేసుకున్నవారున్నారు. జీతం రాళ్లు లెక్కపెట్టుకునే ఒక పల్లెబడి టీచరు ఆ ఎత్తుకు చేరిందని చదివితే నాకు గర్వంగా అనిపించింది. నాకెందుకో గర్వం!

రోడ్డు తరువాత వచ్చింది. 1911 అక్టోబరులో అధ్యక్షుడు టాఫ్ట్ కారు పారడైజ్ చేరినప్పుడు బురదలో కంచరగాడిదలచేత లాగించవలసివచ్చింది. అక్కడి చెక్కసత్రం 1917లో తెరిచారు. 1971-72 శీతాకాలంలో ఆ స్వర్గంలో 1,122 అంగుళాల మంచు కురిసింది, అంటే తొంభై మూడడుగులపైన. అప్పటికి అది ప్రపంచంలోనే నమోదైన అత్యధికం. అంత మంచు వేసవికి కరగక మిగలడంలో ఆశ్చర్యమేమున్నది?

గ్రంథాలయంనుండి తెచ్చిన పటం వంటగది బల్లమీద పరిచి అందరం దారి చూసుకుంటున్నాము. ద్వారం, లాంగ్‌మైర్ విడిది, ఆ తరువాత వంపులు. స్వర్గానికి దిగువన ఒక జలపాతం పేరు మనవడు అమెరికా యాసలో చదివాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివాను. నారద!

అవును, మన నారదుడే. 1893లో టకోమాలోని దివ్యజ్ఞానసమాజం శాఖ పేరు నారద శాఖ. ఆ పేరే ఈ ప్రపాతానికి పెట్టారు. ఆ సమాజపు ప్రధానకేంద్రం 1882నుండి మదరాసు అడయారులోనే ఉన్నది. మళ్లీ మదరాసే! ఎత్తు నూట అరవై అడుగులపైన. 'నార' శబ్దానికి నీరనే అర్థమున్నది, నారాయణ శబ్దంలో ఉన్నదదే. నీటిని ఇచ్చేవాడు గనుక నారదుడని పౌరాణికులు చెప్పే వ్యుత్పత్తులలో ఒకటి. జలపాతానికి ఇంతకంటే తగిన పేరు మన పండితపరిషత్తు కూర్చుని ఆలోచించినా దొరకదు. ఆ టకోమావారికి ఈ వ్యుత్పత్తి తెలిసి పెట్టారని నేననుకోను. పైగా స్వర్గానికీ భూలోకానికీ నడుమ దారిలో నారదుడు ఎదురుకావడం! మా ఆవిడ, "బదరి పోలేదు గాని నారదుడిదాకా వచ్చాం" అన్నది. ఆమె గొంతులో పాత ఎత్తిపొడుపు లేదు.

దాంతో వాయిదా మాట పోయింది, రేపే ప్రయాణమని నిశ్చయమైంది. నిద్రప్రియుడు కూడా ఒప్పుకున్నాడు. కోడలు, "మావయ్యగారూ, పైన చలిగా ఉంటుంది, మీ శాలువా బయట పెట్టండి. అత్తయ్యగారికి మోకాలి పట్టీలు నేను సర్దాను" అన్నది. ఎండలో మంచుమీద నడిస్తే కళ్లు చెదురుతాయని అందరికీ నల్లకళ్లద్దాలు. పులిహోర రాత్రే కలిపి పెట్టారు, పెరుగన్నం తెల్లవారి కలపాలి. వెనుకటి తరంవారు పారడైజ్ దగ్గర హిమనది అడుగున నీలిమంచు గుహలలోకి నడిచి వెళ్లేవారని చదివి నేను ఆశపడ్డాను గాని, అవి 1991నాటికి పూర్తిగా కరిగిపోయాయి. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. మిగిలినదైనా ఆమె చేతికి అందాలి.

రాత్రి తొమ్మిదిన్నరకు గాని అక్కడ చీకటి పడదు. పడుకోబోయేముందు మనవడు నా గదిలోకి వచ్చి ఒక కాగితం చూపించాడు. రేపటి ప్రయాణపు పట్టిక వాడే రాశాడు. నాలుగింటికి బయలుదేరుట, ఆరుంపావుకు ద్వారం, ఏడింటికి నారద, ఏడున్నరకు మంచు. పైన శీర్షికలో రెయినియర్ అని రాసి, ఒక గీతతో కొట్టేసి, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో తహోమా అని రాశాడు. 'హో'కు దీర్ఘం తప్పిపోయింది. నేను దిద్దబోయి ఆగాను. నాలుగింటికి మోగేలా గడియారం పెట్టి దీపం ఆర్పాను. పక్కగదిలో మా ఆవిడ ఇంకా పడుకోలేదు, ఊలు టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నది.